ముందు సీటూ, పెట్రోలు వాసనా

మా ఆయన వయసంతా కార్లు నడపడంలోనే గడిచింది. జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారం చేసే ఒక షావుకారు గారింట్లో డ్రైవరు. షావుకారు గారి భార్యనీ, కోడళ్ళనీ, వాళ్ళ చుట్టాలనీ, ఆ చుట్టాల చుట్టాలనీ విజయవాడకీ హైదరాబాదుకీ తిప్పాడు. ఎవరెవరో కూర్చున్న ఆయన పక్క సీట్లో కూర్చోనిది నేనొక్కదాన్నే.

అలిగి కాదు. నాకు పెట్రోలు వాసన పడదు. కారు తలుపు తీస్తే చాలు, లోపలి వాసన మొహాన కొట్టి నోట్లో నీళ్ళూరేవి. బండి ఊరు దాటేలోపే తిన్నదంతా బయటికొచ్చేది. పెళ్ళయిన రోజున వత్సవాయి నుంచి నన్ను అత్తారింటికి షావుకారు గారి అంబాసిడరులోనే తీసుకొచ్చారు. దారిలో ఎన్నిసార్లు ఆపారో గుర్తులేదు గానీ, కాలవ దగ్గర నా పెళ్ళి చీరా ఆయన పెళ్ళి పంచే తడిపి పిండుకున్నాకే ఇల్లు చేరాం. మా అత్త గుమ్మంలో నిలబడి నన్ను కిందికీ మీదికీ చూసి, "పిల్ల బాగానే ఉంది గానీ, డ్రైవరుకి చేసుకునే ముందు ఒకసారి కారెక్కించి చూడాల్సింది" అంది. మా వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ ఎవరి పెళ్ళి మాటలొచ్చినా ఆ మాట చెప్పుకుని నవ్వుతారు.

చెయ్యని వైద్యం లేదు. నిమ్మకాయ వాసన చూడమన్నారు, చూశాను. లవంగం బుగ్గన పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. ఒకావిడ పాత పేపరు మడిచి పొట్ట మీద పెట్టుకుని పైన చీర బిగించి కట్టుకోమంది. అదీ చేశాను. అప్పటికి నాకు అక్షరం రాదు. ఏం రాసుందో తెలియకుండానే ఎన్ని వార్తలు పొట్టన మోశానో.

ఎటన్నా వెళ్ళాలంటే నాకు బస్సే. డీజిలు పొగ నాకు పెట్రోలంత చెరుపు చెయ్యదు. కిటికీ పక్కన కూర్చుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంటే నందిగామ దాకా ఎలాగో ఆగేదాన్ని. మా అమ్మాయి నందిగామలో టీచరు. అల్లుడిదీ అక్కడే ఉద్యోగం. అమ్మాయి కాపురానికి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ దారిన ఎన్నిసార్లు పోయానో. ఒక్కసారీ కళ్ళు తెరిచి పోలేదు. కండక్టరు అరుపుల్ని బట్టే ఏ ఊరొచ్చిందో తెలిసేది.

యాభై దాటాక మా అమ్మాయి దగ్గరే చదువు నేర్చుకున్నాను. వేసవి సెలవల్లో వచ్చి, తన పిల్లల పలక నా ముందు పెట్టి, "అమ్మా, కూరగాయల లెక్కలన్నీ నోటితో చెప్తావు, అక్షరాలెందుకు రావు, రాయి" అని కూర్చోబెట్టింది. గుణింతాలు తొందరగానే వచ్చాయి, ఒత్తులు ఏడిపించాయి. చదవడం వచ్చాక నాకు బోర్డుల పిచ్చి పట్టింది. చర్చికి వెళ్ళే దారిలో మందుల షాపూ, బట్టల షాపూ, ఎరువుల షాపూ, ఏదీ వదిలేదాన్ని కాదు. పక్కనున్నవాళ్ళు మాట్లాడుతుంటే జవాబు చెప్పకుండా గోడలు చదివేదాన్ని. కానీ హైవే మీద ఊళ్ళ పేర్లతో పచ్చబోర్డులు ఉంటాయని వినడమే. వాటిని చూడాలంటే కళ్ళు తెరవాలి. తెరిస్తే కడుపు ఊరుకోదు.

మా ఆయన డ్యూటీ మానేసే ఏడు షావుకారు గారబ్బాయి ఇంకో పెద్ద బండి కొనుక్కున్నాడు. అప్పటిదాకా వాడిన హైబ్రిడ్ కారుని, "మీ చేతిలో ఉంటే దిగులుండదు, మీరే తీసుకోండి" అని మాకు అందే ధరకి ఇచ్చాడు. మా అమ్మాయి కూడా ఒక చెయ్యి వేసింది. మా ఆయన దాన్ని తీసుకొచ్చి ఇంటి పక్కన రేకుల కింద పెట్టి, తుడిచి, మళ్ళీ తుడిచి, నన్ను పిలిచాడు.

"ఏమే, ఇదిగో. జనాన్ని ఇన్నాళ్ళూ మోసా. ఇక నిన్ను మొయ్యాల. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అమ్మాయింటికి పోవాల."

"నన్ను మొయ్యాలంటే బకెట్టు కూడా మొయ్యాలయ్యా" అన్నాను.

"ఇది పాత రకం బండి కాదే. దీనికి పెట్రోలుతో పాటు బ్యాటరీ కూడా ఉంది. రెండెడ్ల బండి అనుకో. ఊళ్ళో నెమ్మదిగా పోయేటప్పుడు బ్యాటరీ ఎద్దే లాగుద్ది. అప్పుడు ఇంజను ఆగిపోద్ది. పొగ లేదు, చప్పుడు లేదు. పరుగెత్తాలంటే పెట్రోలు ఎద్దు లేస్తది. దిబ్బ ఎక్కాలంటే రెండూ కలిసి లాగుతాయి."

"మరి ఆ బ్యాటరీ ఎద్దుకి మేతెవరు పెడతారు?"

"అదే పెట్టుకుంటది. బ్రేకు తొక్కినప్పుడు ఊరికే పోయే ఊపుని దాచుకుని తింటది."

ఊరికే అంటున్నాడనుకున్నాను. ఆయన కారుని మా సందులోంచి వెనక్కి తీస్తుంటే చెవులు రిక్కించి విన్నాను. టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాను. గాలి కూడా తగల్లేదు. "చెయ్యి తియ్యవే, ఎదురింటోళ్ళు నవ్వుతున్నారు" అన్నాడు అద్దంలో చూస్తూ.

ఆ సాయంత్రమే ధైర్యం చేసి ఎక్కాను. చిల్లకల్లు దాకా వెళ్ళి వచ్చాం. టోలుగేటు దగ్గర లారీలు నిలబడిపోయి పొగ కక్కుతుంటే మా బండి పడుకున్న దూడలా ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. లోపల పెట్రోలు వాసన లేదు. కడుపులో కొంచెం కూడా తిప్పలేదు. ఇంటికొచ్చాక ఇద్దరం దిగకుండా కాసేపు అట్లాగే కూర్చున్నాం. ఆయన స్టీరింగు మీద వేళ్ళతో దరువేశాడు.

"ఆదివారం నందిగామ" అన్నాడు.

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణ. అక్కడ పెట్రోలు మనకన్నా కొంచెం చవక. అందుకని మా వైపు కార్లున్నవాళ్ళు చాలామంది అటు పోయినప్పుడే పెట్రోలు కొట్టించుకుంటారు. పనిగట్టుకుని అంత దూరం పోతారు కదా, ట్యాంకు గొంతు దాకా నింపితే తప్ప గిట్టుబాటు కాదు. పంపు టక్కుమని ఆగిపోయినా మళ్ళీ నొక్కిస్తారు. మా ఆయన ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. బస్తాలో మిరపకాయలు కుదేసినట్టు కారు వెనక భాగాన్ని నడుముతో అటూ ఇటూ ఊపి, లోపలి గాలి పోగొట్టి, మరికాస్త పోయిస్తాడు. అంబాసిడరు రోజుల్నుంచీ ఆయనకది విద్య. దూరం వెళ్ళే ముందురోజు ట్యాంకు అంచుదాకా నింపకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

ఆ శనివారం కూడా పోయి నింపుకొచ్చాడు. ఆదివారం నేను ఇస్త్రీ చీర కట్టుకుని, పొట్ట మీద పేపరు లేకుండా, దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాను. తలుపు వేసేసరికే ముక్కులో ఏదో మెదిలింది. అననా వద్దా అనుకుంటుండగానే చిల్లకల్లు దాటాం. నవాబుపేట వచ్చేసరికి ఇంకేమీ అనక్కర్లేకపోయింది. ఆయన బండి పక్కకి తీసి, నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. నా వీపు నిమిరాడే గానీ విసుక్కోలేదు. నాకు అదే ఎక్కువ బాధగా తోచింది.

తర్వాత వారం మళ్ళీ ప్రయత్నించాం. ఈసారి ఆయన అద్దానికి మల్లెపూల వాసనొచ్చే డబ్బా తగిలించాడు. పెట్రోలు వాసనకి మల్లెపూల వాసన తోడైతే ఎలా ఉంటుందో నేను రాయలేను. ఈసారి నవాబుపేట దాకా కూడా ఆగలేకపోయాను. ఆయన డబ్బా తెంపి పొలంలోకి విసిరేశాడు. ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళాం. అప్పుడూ అంతే, ఎలాగో నందిగామ చేరాం.

మా అమ్మాయి నా తల కడిగి, మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టి, వరండాలో వాళ్ళ నాన్నతో అనడం విన్నాను.

"అమ్మకి భయం మనసులో పడిపోయింది నాన్నా. హైబ్రిడ్‌లో అంత వాసనెక్కడుంటుంది? లేకపోయినా ఉందనుకుంటుంది."

"అనుకుంటే వాంతులవుతాయా అమ్మా?"

"అవుతాయి నాన్నా. కొంతమందికి."

నాకు కోపం రాలేదు. అది నా మీది ప్రేమతోనే అంటోంది. కానీ ఉన్న వాసనని లేదంటే నేనేం చెప్పను? కళ్ళకి కనపడేదయితే చూపించేదాన్ని.

ఆ రాత్రి బస్సులో ఇంటికొచ్చాను. బస్సు వెనకాలే బండిని మా ఆయన ఒక్కడూ తోలుకొచ్చాడు. అన్నం తింటూ, పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు: "కంచికచర్లలో ఒకాయన అడుగుతున్నాడు బండిని. ఇచ్చేద్దాం."

"ఎందుకయ్యా?"

"నువ్వెక్కనిది నాకెందుకే? జీవితమంతా ఒక్కడినే తోలా. ఇంకా ఒక్కడినే తోలటానికా?"

నేను మజ్జిగ పోశాను. ఆయన ఎప్పుడూ ఏదీ కావాలని అడిగే మనిషి కాదు. షావుకారు గారింట్లో పండగకి బట్టలు పెడితే రంగు కూడా చూసుకోకుండా తెచ్చుకునేవాడు. అడగక అడగక నన్ను పక్కన కూర్చోమని అడిగాడు. అది నా ముక్కు వల్ల పోతోంది.

కంచికచర్ల ఆయన ఏవో పెళ్ళి పనులున్నాయని, కొన్నాళ్ళాగి వచ్చి చూస్తానన్నాడు. ఆలోపు మా ఆయన బండిని ఎక్కువగా తియ్యలేదు. కూరగాయలకీ, బజారుకీ, వీరులపాడులో మా మరిది ఇంట్లో ఎవరికో బాగోలేకపోతే చూడటానికీ తీశాడు. పెట్రోలు తగ్గుతూ వచ్చింది. అమ్మే బండికి ఎందుకని కొత్తగా పోయించలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే నేను రేకుల కిందికి వెళ్ళి కారు తలుపు తీశాను. ఊరికే, పోయే బండిని ఒకసారి చూద్దామని. ఎండ మండిపోతోంది, రేకులు కాలుతున్నాయి. ముక్కు మూసుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఎంతసేపని మూసుకుంటాను? వదిలాను. సీటు బట్ట వాసన. దుమ్ము వాసన. మా ఆయన తలనూనె వాసన. పెట్రోలు వాసన లేదు.

ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. లేదు. దిగి వెనక్కి వెళ్ళి, పెట్రోలు పోసే మూత దగ్గర వంగి చూశాను. లేదు. మా వంటింటి కిటికీ సరిగ్గా ఆ రేకులకి ఎదురుగా ఉంటుంది. ఆలోచిస్తే, ఈ మధ్య వంటింట్లోకి కూడా వాసన రావడంలేదు. అంతకుముందు కొన్ని రోజులు పోపు వేస్తుంటే పోపుని మించి కొట్టేది. ఏ రోజులు? ఆయన గరికపాడు దాటి పోయొచ్చిన రోజులు. ఆ మర్నాడే కదా మా ప్రయాణాలు.

ఆయన్ని లేపి చెప్పాను. నిద్ర మొహంతో విన్నాడు.

"ట్యాంకు నిండితే వాసన, తగ్గితే వాసన లేదంటావు."

"అవునయ్యా. నువ్వు మరీ నిండుగా పోయిస్తావు. అందుకే వాసనొచ్చిద్ది."

"నేను ఈ పని మన పెళ్ళికి ముందునించీ చేస్తున్నానే. ఏ బండీ వాసన రాలా."

"అన్ని బళ్ళూ వాసనొచ్చాయి. వాసన చూసింది నేను. నువ్వు దాంట్లోనే పుట్టి పెరిగినట్టు ఉంటావు, నీకేం తెలుస్తది?"

"ట్యాంకంటే బిగించిన డబ్బా. దాంట్లో ఎంతుంటే ఏంటి?"

"ఆవకాయ జాడీ కూడా బిగించి గుడ్డ కట్టినదే. అంచుదాకా పెడితే ఏమయ్యిద్ది? మూడోనాటికి నూనె పొంగి గుడ్డంతా తడిసిపోద్ది. పైన ఖాళీ వదలాలయ్యా. ఊరేదానికి చోటుండాల."

"కారుని తీసుకెళ్ళి జాడీలో పెట్టావు" అని చెయ్యి విదిలించి అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి, అటు తిరిగే, "జాడీ గుడ్డ తడవటం నిజమేలే" అన్నాడు.

ఆయన అమ్మే వస్తువులో లోపం దాచే మనిషి కాదు. కొనే ఆయనకి చెప్పాల్సింది చెప్పాలి కదా అని, మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని విజయవాడ వర్కుషాపుకి వెళ్ళాడు. నా మాట తప్పని తేల్చుకోవడానికి కూడా వెళ్ళాడని నా అనుమానం. సాయంత్రం వచ్చి, నేను బియ్యం ఏరుకుంటున్న చోట ఒక నల్లని ప్లాస్టిక్ డబ్బా పెట్టాడు. ఇటుకరాయి కంటే కాస్త పెద్దది. దానికి గొట్టాలు తగిలించే మూతులున్నాయి. పెట్రోలు వాసన గుప్పుమంది. చేట పక్కకి లాక్కున్నాను.

"ఏంటిది?"

"బొగ్గు డబ్బా. పాతది తీసి కొత్తది వేశారు."

"పెట్రోలు బండిలో బొగ్గేంటయ్యా? అది రైలింజనా?"

"కాల్చే బొగ్గు కాదే. వాసన పీల్చే బొగ్గు."

నవ్వొచ్చింది. మా ఫ్రిజ్జులో ఎండుచేపల వాసన పోవడానికి నేను గిన్నెలో బొగ్గు ముక్కలు పెడతాను. ఆయనెప్పుడూ వెక్కిరించేవాడు, ఐసు దగ్గర నిప్పెందుకని.

"సరిగ్గా చెప్పు" అన్నాను.

ఆయన గోడకి చేరగిలపడి చెప్పాడు. "ఎండకి ట్యాంకులో పెట్రోలు ఆవిరవుద్ది. బండి నడవకపోయినా అవుద్ది, ఊరికే నిలబెట్టినా అవుద్ది. వెనకటి బళ్ళలో ఆ ఆవిరి మూతకున్న సందులోంచి గాల్లోకి పోయేది. నీకు పడనిది అదేనంట. ఇప్పటి బళ్ళలో దాన్ని గాల్లోకి వదలరు. గొట్టంలోంచి ఈ డబ్బాలోకి తోలతారు. బొగ్గు దాన్ని పట్టి ఉంచుద్ది. ఇంజను తిరిగేటప్పుడు ఆ ఆవిరిని లాక్కుని కాల్చేసుకుంటది. గాలీ చెడదు, పెట్రోలూ వృథాగా పోదు."

"మరి మనకెందుకొచ్చింది వాసన?"

"కాఫీ పెట్టవే, తల నొప్పిగా ఉంది."

"చెప్పాక పెడతా."

"ఆవిరి పోవాల్సిన గొట్టంలోకి పెట్రోలే పోయిందంట. బొగ్గంతా నానిపోయింది. నానిన బొగ్గు ఇంకేం పీల్చుద్ది?"

"ఎట్టా పోయింది పెట్రోలు?"

"మరీ నిండుగా కొడితే పోద్దంట."

"ఎవరు కొట్టారు?"

"బంకువాడు."

"బండి ఊపింది కూడా బంకువాడేనా?"

ఆయన మొహాన తువ్వాలు వేసుకున్నాడు. తువ్వాలు కింద భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు. నాకూ ఆగలేదు. ఏరిన బియ్యమూ ఏరనివీ కలిసిపోయాయి.

కాఫీ తాగాక మిగిలింది కూడా చెప్పాడు. హైబ్రిడ్‌లో ఇంజను చాలాసేపు ఆగి ఉంటుంది కదా. ఆగి ఉన్నంతసేపూ వెనక గొట్టంలోంచి పొగ రాదు. అది మంచిదే. కానీ ఆ డబ్బాలో చేరిన ఆవిరిని లాక్కునేది కూడా ఆ ఇంజనే. ఇంజను తక్కువ తిరిగితే డబ్బా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అందుకే ఇలాంటి బళ్ళలో ఆవిరి బయటికి పోకుండా మరింత జాగ్రత్తగా కడతారట. అంత జాగ్రత్తగా కట్టినదాన్ని మా ఆయన నడుముతో ఊపి పాడుచేశాడు. పంపు టక్కుమందంటే ఇక చాలని అర్థమట. అక్కడ ఆపితే ట్యాంకు పైభాగాన ఆవిరికి చోటుంటుంది.

"మెకానిక్కు కుర్రోడేమన్నాడు?" అని అడిగాను.

"'బండి ఊపుతారా అంకుల్' అనడిగాడు. నేను లేదన్నా. వాడు నా మొహంలోకి చూసి, 'మా నాన్న కూడా ఊపేవాడు అంకుల్' అన్నాడు."

కంచికచర్ల ఆయనకి ఫోను చేసి, ఆదివారం దాకా ఆగమని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

శనివారం సాయంత్రం పెట్రోలుకి వెళ్తుంటే నేనూ ఎక్కాను. ఆయన్ని నమ్మక కాదు, ఆ విద్య ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని. చెక్‌పోస్టు దాటాక బంకు. అక్కడి పెద్దమనిషికి మా ఆయన పాత గిరాకీ.

"ఫుల్లేనా కాకా?"

"ఫుల్లే. కానీ టక్కుమనంగానే ఆపెయ్యాల."

పంపు తిరిగింది, టక్కుమంది. ఆ మనిషి గొట్టం తియ్యకుండా ఇటు చూశాడు.

"ఇంకింత పడ్తది కాకా. జర ఊపు బండిని, పోస్త."

నేను కిటికీలోంచి చూస్తున్నాను. మా ఆయన నడుము దానంతటది బండి వైపు జరిగింది. జరిగి, బండికి ఆనుకుని అక్కడే ఆగింది. అలవాటైన ఎద్దు మలుపు దగ్గర తనంతట తనే తిరగబోయినట్టు. ఆయన బండి మీద చెయ్యి వేసి నిలబడి, "వద్దులే, చాలు" అన్నాడు.

"ఏంది కాకా, పానం బాగలేదా?"

"మా ఇంటామెకి బాగుండాలని."

ఆ మనిషికి అర్థం కాలేదు. నాకు దండం పెట్టి మూత బిగించాడు.

ఆదివారం ఎండ ముదరకముందే బయల్దేరాం. నేను దర్జాగా కూర్చోలేదు ఈసారి. తలుపు పిడి పట్టుకుని, కవరొకటి ఒళ్ళో పెట్టుకుని, ముక్కుతో వెతుకుతూ కూర్చున్నాను. ఆయన మాటిమాటికీ నా వైపు చూస్తున్నాడు.

"రోడ్డు చూడవయ్యా."

"వస్తందా?"

"రాలేదు."

చిల్లకల్లు దాటాం. వాసన రాలేదు. ఇంజను ఆగడం, మళ్ళీ అందుకోవడం పాదాల కింద సన్నగా తెలుస్తోంది. హైవే మీద పరుగెత్తేటప్పుడు ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఈ బండికి అసలు పొగే లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. తక్కువ, అంతే. ఆ తక్కువే నాబోటి దానికి చాలినంత.

నవాబుపేట దగ్గర, మొదటిసారి ఆపిన చోట ఆయన తనకి తెలియకుండానే బండి నెమ్మది చేశాడు. "పోనియ్యి" అన్నాను. అప్పుడు కళ్ళు పూర్తిగా తెరిచాను.

ఎదురుగా పచ్చబోర్డు. తెల్లక్షరాలు. దగ్గరికొచ్చేస్తోంది. నేను గబగబా కూడబలుక్కుంటున్నాను, ఊరి పేరు సగంలో ఉండగానే బోర్డు వెనక్కి పోయింది.

"అయ్యో, పోయింది."

"ఏం పోయింది?"

"బోర్డయ్యా. చదవనిచ్చావా?"

ఆయన బండి నిదానం చేశాడు. వెనక లారీవాడు హారను కొట్టాడు. ఎడమ వరసలోకి జరిగి, వాణ్ణి పోనిచ్చాడు. ఇక బోర్డు కనపడితే చాలు, ఆయన కాలు తీసేస్తాడు, ఇంజను ఆగిపోతుంది, బండి చప్పుడు లేకుండా దొర్లుతుంది, నేను చదువుతాను. అం-బా-రు-పే-ట. పత్తి మిల్లు బోర్డు. సిమెంటు బోర్డు. పంక్చరు షాపు గోడ మీద చేత్తో రాసిన అక్షరాలు. ఒక దాబా పేరులో ఒత్తు తప్పుంది. అది కనిపెట్టినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో.

"టీచరు తల్లివి అనిపించుకున్నావు" అన్నాడు.

"పెద్దగా నవ్వకు, రోడ్డు చూడు."

నందిగామ ఊళ్ళోకి తిరిగే చోటొచ్చింది. ఆయన సిగ్నలు వేశాడు. నా ఒళ్ళో కవరు మడత విప్పలేదు. కడుపు ప్రశాంతంగా ఉంది. ముందు రోడ్డు తెల్లగా సాగి ఉంది. ఆ మలుపు తర్వాత ఏ ఊళ్ళున్నాయో నాకు కండక్టర్ల గొంతుల్లోనే తెలుసు.

"అప్పుడే తిప్పుతావా?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. సిగ్నలు ఆపేశాడు.

ఐతవరం చదివాను. ఆ 'ఐ' దగ్గర ఒకప్పుడు మా అమ్మాయి చేత ఎన్ని మొట్టికాయలు తిన్నానో. కీసర దగ్గర మున్నేటి వంతెన వచ్చింది. విజయవాడ బస్సులో కళ్ళు మూసుకుని దాని మీదుగా ఎన్నిసార్లో పోయాను, కింద ఏరుంటుందని చప్పుడుని బట్టి తెలుసు. నీళ్ళు సన్నగా, ఇసుక మధ్య పాయలు పాయలుగా మెరుస్తున్నాయి. వంతెన దాటాక ఆయన బండిని పక్కకి తీసి ఆపాడు.

ఫోను మోగింది. మా అమ్మాయి.

"నాన్నా, ఎక్కడున్నారు? అమ్మకి మళ్ళీ వాంతులా? ఎక్కడాపారు? నేను రానా?"

ఆయన ఫోను నాకిచ్చాడు.

"కీసర దాటామే" అన్నాను.

"కీసరేంటమ్మా? మా ఇల్లు దాటి పోయారా? కోడికూర చల్లారిపోతోంది ఇక్కడ!"

"వేడి చేసుకోవచ్చులే. బాగానే ఉన్నా. కళ్ళు తెరుచుకునే వచ్చా."

అవతల కూర గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత, "వాసన?" అంది.

"లేదు. మీ నాన్న నడుము కట్టేసా."

"ఏంటమ్మా?"

"వచ్చాక చెప్తాలే" అని పెట్టేశాను.

మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, కంచికచర్ల ఆయన నెంబరు వెతికాడు. ఆ ఊరు అక్కడికి దగ్గరే. బండి ఆ పూటే తెచ్చి అప్పజెపుతున్నారనుకున్నాడేమో, అవతలాయన గొంతు సంతోషంగా వినపడింది.

"లేదండి" అన్నాడు మా ఆయన. "అమ్మటం లేదండి. ఏమనుకోకండి... లేదు లేదు, బండిలో తేడా ఏమీ లేదండి. బాగుంది. మా ఇంటామె ఎక్కింది."

అవతలాయన ఏమన్నాడో నాకు వినపడలేదు. మా ఆయన "అవునండి, అంతేనండి" అని ఫోను జేబులో పెట్టుకుని, బెల్టు పెట్టుకోమని నాకు సైగ చేసి, బండిని వెనక్కి తిప్పే చోటు కోసం ముందుకి పోనిచ్చాడు. ఆ చోటు చాలా దూరంలో ఉంటే బాగుండుననుకున్నాను.